అచ్చంపేట దాకా ఆగుతూ పోయిన బండి

నల్లగొండలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు అచ్చంపేటలో దిగవచ్చు. అంత చిన్న దారి గురించి రాయడానికి ఏముందని నా స్నేహితురాళ్లు అడిగారు. మేం పోయిన ఆ వారం బస్సులు లేవు. డ్రైవర్లు, కండక్టర్లు సమ్మెలో ఉన్నారు. అందుకని ఆ దారిని మేం మోటారు సైకిలు మీద, అది నడిచినప్పుడు ఎక్కి, నడవనప్పుడు నూకుతూ, మూడు రోజులు చూశాం. బస్సు కిటికీలోంచి చూసి ఉంటే అందులో పదో వంతు కూడా నాకు తెలిసేది కాదు.

తొంభైల మొదట్లో, జూన్ నెల. టీచరు ఉద్యోగానికి మూడోసారి రాసిన పరీక్షలో నా పేరొచ్చింది. ఆర్డరు మాత్రం మేం ఖాళీ చేసిన పాత ఇంటికి పోయి, అక్కడ కిటికీలో పది రోజులు పడి ఉండి, బుధవారం సాయంత్రం నా చేతికి వచ్చింది. అచ్చంపేట దగ్గరి ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల. శనివారం ఆఫీసు వేళ ముగిసేలోగా అక్కడి మండల విద్యాధికారి దగ్గర చేరాలి. చేరకపోతే ఉద్యోగం జాబితాలో నా తర్వాతి పేరుకు పోతుంది.

మా పెళ్లయి అప్పటికి ఏడు నెలలు. మా ఆయన నర్సింహ ఎరువుల గోదాములో గుమాస్తా. అత్తమ్మ ఆర్డరు కాగితం వైపు చూడకుండానే, బస్సులు నడిచినంక పోవచ్చు, సర్కారుకు ఆ మాత్రం తెలియదా అన్నది. మా ఆయన లేచి పోయి సెలవు చీటీ రాసిచ్చి వచ్చి, సెకండ్ హ్యాండులో కొన్న తన మోటారు సైకిలు తుడవడం మొదలుపెట్టాడు.

నాంపల్లి దారి

గురువారం అన్నం తిని బయలుదేరాం. రెండు జతల బట్టలు, సర్టిఫికెట్ల సంచి, అటుకుల మూట. దేవరకొండకు తిన్నగా పోవచ్చు కానీ, మర్రిగూడలో మా ఆయన చిన్నమ్మ ఉంది. రాత్రికి అక్కడ ఆగి పోదామని అటు తిరిగాం.

నాంపల్లి దాటకముందే బండి ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది, ఆగిపోయింది. మా ఆయన మొదట ట్యాంకు మూత తీసి లోపలికి చూశాడు. పెట్రోలు ఉంది. తర్వాత ప్లగ్గు విప్పి మసి గోకి, ఊది, బిగించి కిక్కు కొట్టాడు. లేచింది. ప్లగ్గులో మసి పట్టింది, అంతేనన్నాడు. ఇంకో గంటకు మళ్లీ అదే కథ. మళ్లీ మూత తీసి పెట్రోలు చూడటం, ప్లగ్గు గోకడం, కిక్కు.

నాకు శనివారం సాయంత్రం తప్ప ఇంకేదీ తలలో లేదు. ఊరికే కూర్చోలేక, ఆగిన చోటల్లా టైము, దగ్గర్లోని కిలోమీటరు రాయి మీది అంకె చిన్న డైరీలో రాసుకున్నాను. అది దేనికైనా పనికొస్తుందని మాత్రం అనుకోలేదు.

మర్రిగూడ

పొద్దు గూకే వేళకు చేరాం. చిన్నమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, తాగడానికి మాత్రం వేరే కుండలోంచి ముంచి ఇచ్చింది. వాడుకునే నీళ్లు ఇంటి ముందరి బోరింగువి. తాగే నీళ్లు దూరంగా ఒక పొలం బావి నుంచి సైకిలు మీద తెచ్చుకుంటారు. చూడటానికి రెండు కుండల నీళ్లూ ఒకే తీరుగా తేటగా ఉన్నాయి. నల్లగొండలో నీళ్లు వస్తాయా రావా అని కొట్లాడుకుంటాం కానీ, వచ్చిన నీళ్లను ఇట్లా రెండు కుండలుగా విడదీయడం నేను అక్కడే చూశాను.

చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మెడ తిరగదు, నడుము వంగదు. నన్ను చూడాలంటే కర్ర ఆనించి లేచి మొత్తం మనిషే తిరగాలి. ఈ ఊరి ఫ్లోరైడు నీళ్లు ఇన్నేళ్లు తాగినందుకు ఆయన ఎముకలు అట్లా బిగుసుకుపోయాయి. ఆయన వయసు యాభై కూడా నిండలేదని చిన్నమ్మ తర్వాత చెప్పింది.

జొన్న రొట్టెలు, మామిడికాయ పప్పు, ఉల్లిగడ్డ కారం పెట్టారు. తింటున్నప్పుడు చిన్నాయన బండి సంగతి విని, శనివారం లోపల చేరకపోతే ఏమైతదని అడిగాడు. ఉద్యోగం పోతుందని చెప్పాను. ఆయన, "నాకైతే ఎనక చూసుడు లేదు బిడ్డా, ముందటికే చూస్త. నువ్వు గూడ గట్లనే పో," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. మేం నవ్వలేదు, ఆయనే నవ్వాడు.

దేవరకొండ

శుక్రవారం పొద్దున చల్లగా ఉన్నప్పుడే బయలుదేరాం. పత్తి గింజ పెట్టడానికి దున్ని ఉంచిన చెలకలు ఎర్రగా ఎండుతున్నాయి. వాన ఇంకా పడలేదు. మల్లేపల్లి దగ్గరికి వచ్చేసరికి బండి మళ్లీ ఆగింది. చింతచెట్టు కింద మూత తీసి, ప్లగ్గు గోకి లేపుకొని, దేవరకొండలో మెకానిక్కు దగ్గరికి పోయాం.

ఆయన మంచివాడే. మా కథంతా విని, కార్బురేటరులో మురికి ఉండొచ్చని విప్పి పెట్రోలుతో కడిగాడు. కొత్త ప్లగ్గు వేశాడు. ఒక్క కిక్కుకు లేచింది. బజారులో ఒక చుట్టు తిప్పుకొని వచ్చి, ఇక అచ్చంపేట కాదు, శ్రీశైలం దాకా పొండి అన్నాడు. అంతసేపూ నేను ఎదురుగా ఖిల్లా గుట్టలను చూస్తూ తాటిముంజలు తిన్నాను. రూపాయికి ఆరు. మా ఊళ్లో ముంజలు ఒలిచి ఆకులో పెట్టిస్తారు. ఇక్కడ కాయ కోసి చేతికిస్తారు, వేలు పెట్టి మనమే తోడుకోవాలి. రసం మోచేతి దాకా కారింది.

ముందు పెట్రోలు దొరుకుతుందో లేదో తెలియదు కాబట్టి ట్యాంకు నిండుగా పోయించుకుని డిండి దారి పట్టాం.

రోడ్డు మీద

పదిహేను కిలోమీటర్లు కూడా పోలేదు, ఆగిపోయింది.

ఈసారి మూత తీసి చూడలేదు. ఇప్పుడే నింపిన ట్యాంకు, చూసే పనేముంది? ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా నిప్పురవ్వ వచ్చింది. ప్లగ్గు బాగుంది. కార్బురేటరు కడిగినదే. అయినా లేవదు. మా ఆయన చోక్ వేసి కొట్టాడు, తీసి కొట్టాడు. ఎండ నెత్తి మీద ఉంది. చుట్టూ రాళ్లు, తంగేడు పొదలు, ఎక్కడో ఒక మేకల మంద. అరగంట కొట్టి ఉంటాడు. చివరికి కిక్కు రాడ్డు ఎదురు తన్ని ఆయన కుడి మడమకు తగిలింది. కింద కూర్చున్నాడు. చూస్తుండగానే మడమ ఉబ్బింది.

కాసేపటికి ఆయన నేల చూస్తూ అడిగాడు. "మర్లిపోదమా? ఏదన్న లారీ వస్తే బండి ఎక్కిస్త."

"మర్లాలంటె గూడ లారీ రావాలె కద. వస్తే ముందటికే పోదం," అన్నాను. అన్నంత ధైర్యం లోపల లేదు. మూడు పరీక్షలు రాసిన నాలుగేళ్లు గుర్తొచ్చాయి. ఏడిస్తే ఆయన ఇంకా కుంగిపోతాడని, చీర కుచ్చిళ్లు ఎగదోపి నేనే కిక్కు కొట్టడం మొదలుపెట్టాను. మొదట కాలు జారింది. తర్వాత పట్టు దొరికింది. బండి మాత్రం పలకలేదు.

అట్లా కొడుతుండగా రోడ్డు మీద మనుషులు కనపడ్డారు. ఇద్దరు మొగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, నెత్తిన మూటలు, గిన్నెలు. పాలమూరు కూలీలు. ఎక్కడో కాలువ పనికి పోయి, విత్తనాల వేళకు ఇళ్లకు తిరిగి వస్తున్నారు. బస్సుల్లేక లారీలో దేవరకొండ దాకా వచ్చి, అక్కణ్నుంచి నడుస్తున్నారు. వాళ్లలో బుచ్చమ్మ అనే నడివయసు మనిషి నన్ను, నా చీర కుచ్చిళ్లను చూసి ఆగింది. సంగతి అడిగి తెలుసుకున్నది.

"సదువు చెప్పే పంతులమ్మవా? మా ఊళ్ల బడి ఉన్నది, సారు లేడు. బడిల ఎవరో గడ్డి ఏసుకున్నరు," అని, నెత్తి మీది మూట తీసి హ్యాండిలుకు తగిలించింది. "కూసోమను నీ మొగన్ని. ఓటి కాలుతోని ఏం నడుస్తడు? నూకుతం."

మా ఆయన సిగ్గుతో వద్దన్నాడు. వాళ్లు వినలేదు. ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టి, మూటలు గిన్నెలతో సహా బండిని రెండు కిలోమీటర్లు నూకుకుంటూ పోయాం. ముందున్న ఊరిలో మోటర్లు, ఆయిలింజన్లు బాగుచేసే ఖాజామియా ఉన్నాడని, కానీ ఇప్పుడు చేస్తున్నాడో లేదో తెలియదని వాళ్లే చెప్పారు. ఆయన వాకిట్లో బండిని నిలబెట్టి, తలా ఇన్ని మంచినీళ్లు తాగి, మా అటుకుల మూట ఇస్తే తీసుకుని వెళ్లిపోయారు. వాళ్ల ఊరికి ఇంకా ఒక రోజు నడక ఉంది.

ఖాజామియా ఇల్లు

ఖాజామియా అప్పుడే నమాజు ముగించి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. రెండు కళ్లలో పొరలు. పని మానేసి మూడేళ్లయిందని ఆయన భార్య చెప్పినప్పుడు గడపలోనే కూర్చుండిపోయాను.

ఆయన బండి దగ్గరికి పోయి చేత్తో తడిమాడు. ఎప్పుడు ఎట్లా ఆగిందో చెప్పమన్నాడు. నేను డైరీ తీసి చదివాను. మొదటిసారి ఇంత దూరం పోయి ఆగింది, రెండోసారి ఇంత, మల్లేపల్లి దగ్గర ఇంత, ట్యాంకు నింపిన తర్వాత మాత్రం అందులో సగం కూడా పోలేదు. ఆయన ఆ చివరి మాట మళ్లీ చదివించుకున్నాడు. ఆగిన ప్రతిసారీ వరసగా ఏమేం చేశారని అడిగాడు. చెప్పాను. ఈసారి మూత తీయలేదు కదా అని రెండుసార్లు అడిగాడు. లేదన్నాను.

"ఇప్పుడు గూడ తీయొద్దు. పొద్దుగాల చూద్దం," అన్నాడు.

నాకు ఆగే ఓపిక లేదు. దీపం పెట్టుకొని ఇప్పుడే చూద్దామని బతిమాలాను.

"నాకు పగలైన రాత్రైన ఒక్కటే బిడ్డా. చేసేటిది నువ్వు. నీకే ఎల్తురు గావాలె. ఫికర్ చెయ్యకు."

చాచీ, అంటే ఆయన భార్య, మా ఆయన మడమకు పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. మేం తింటామో తినమో అని కాసేపు సందేహించి, తర్వాత ఖిచిడీ, ఖట్టా వడ్డించింది. ఖట్టా మన పచ్చిపులుసే కానీ, అందులో నువ్వులు నూరి కలుపుతారు. నేను మూడుసార్లు పోయించుకున్నాను. ఏ తీరుగా చేస్తారో అడిగి రాసుకున్నాను కూడా. ఆ రోజు నా డైరీలో కిలోమీటరు రాళ్ల కింద నువ్వుల లెక్క ఉంది.

శనివారం తెల్లవారగానే ఖాజామియా బండి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. పెట్రోలు నల్లి తిప్పి, కార్బురేటరుకు వచ్చే గొట్టం ఊడదీసి, కింద గిన్నె పెట్టమన్నాడు. పెట్రోలు చుక్క చుక్కగా రాలింది. కాసేపటికి ఆగిపోయింది.

"ఆగింది చాచా."

"ట్యాంకు?"

"నిండుగ ఉన్నది."

"నిండుగ ఉండి ఎందుకు రాదు? సప్పుడు చెయ్యకుండ్రి. ఇప్పుడు మెల్లగ మూత తియ్యి."

నేను మూత తిప్పాను. స్స్ మని చిన్న చప్పుడు. మూత నా చేతిలోకి రాగానే గొట్టంలోంచి పెట్రోలు ధారగా దూకి గిన్నె దాటి నా చీర మీద పడింది. నల్లి కట్టేసి తలెత్తి చూస్తే ఆయన నవ్వుతున్నాడు.

"ఇన్నవా? గాలి లోపలికి పోయింది. మూతకు ఊపిరి బెజ్జం ఉంటది, అది మూస్కపోయింది. పెట్రోలు కిందికి దిగుతాంటె పైన గాలి రావాలె. రాకుంటె లోపల గుంజి పట్టుకుంటది. ప్లగ్గు గోకితే లేచిందనుకున్నరు మీరు. మూత తీసి చూసిన్రు గనుక లేచింది."

ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ. అందుకే ఇంకా తొందరగా ఆగిందని కూడా ఆయనే విడమరిచి చెప్పాడు. మూత తిప్పి చూశాను. బెజ్జం ఉండాల్సిన చోట ఎర్ర రంగు గడ్డకట్టి ఉంది. మా ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెళ్లికి ముందు ట్యాంకుకూ మూతకూ కొత్త రంగు వేయించాడట. నన్ను ఎక్కించుకుని తిరగాలని. ఊళ్లో గోదాముకు, ఇంటికి తిరిగే చిన్న దూరాలకు అది బయటపడలేదు.

పైటకు పెట్టుకున్న పిన్నీసు తీసి బెజ్జం పొడిచాను. రంగు పెచ్చు ఊడింది. నోటితో ఊదితే గాలి అవతలికి పోయింది. నోరంతా పెట్రోలు వాసన. గొట్టం తగిలించి, మూత బిగించి, కిక్కు కొట్టాను. రెండోదానికి ఏమీ లేదు. మూడోదానికి లేచింది. వాకిలంతా పొగ.

ఖాజామియా ఇంజను మీద అరచేయి పెట్టి, "మూడేండ్లాయె నా వాకిట్ల ఇంజను మోగక," అన్నాడు. చాచీ కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, దారిలో తినడానికి రొట్టెలు కట్టి తెచ్చింది.

డిండి దాటాక

మా ఆయన నడపాలి, నేను కిక్కు కొట్టాలి. మడమ నొప్పికి వెనక బ్రేకు తొక్కలేడు కాబట్టి చేతి బ్రేకుతో మెల్లగా పోదామనుకున్నాం. నిన్న ఆగినంత దూరం వచ్చేసరికి ఇద్దరం కిలోమీటరు రాళ్లనే చూస్తున్నాం. ఆ రాయి దాటింది. తర్వాతి రాయి దాటింది. డిండి నీళ్ల పక్కగా పాలమూరు జిల్లాలోకి దిగినప్పుడు, కట్ట మీద చేపలమ్మే వాళ్లను చూసి మా ఆయన ఆగుదామా అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆయన గొంతులో ఆ హుషారు విన్నాను. వచ్చేటప్పుడు చూద్దామన్నాను.

అవతలి నేల మా నేలకంటే ఎరుపు. దూరంగా నల్లమల గుట్టలు నీలంగా మొదలవుతాయి. మా దగ్గర దారి అడిగితే చేయి చూపిస్తారు. ఇక్కడ దారి అడిగితే ముందు ఎవరింటికి అని అడుగుతారు. అందరికీ చెప్పుకుంటూ పోయాం.

అచ్చంపేట

ఆఫీసులో గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. విద్యాధికారి ఏదో ఊళ్లో బడి పైకప్పు చూడటానికి పోయాడట. తిరిగి ఆఫీసుకు వస్తాడో, అటే ఇంటికి పోతాడో తెలియదు. సోమవారం రమ్మన్నాడు. నేను ఆర్డరు తీసి తేదీ చూపించాను. సారు సంతకం లేకుండా తానేం చేయలేనన్నాడు. అది నిజమే. ఆ ఊరు ఎటో చెప్పమన్నాను. మట్టి రోడ్డు, మీరు పోలేరన్నాడు. ఇంత దూరం ఎట్లా వచ్చామో చెప్పాను. మసి పట్టిన నా చేతులు చూశాడు. కాగితం మీద దారి గీసి ఇచ్చాడు.

మూడు వాగులు, మూడూ ఎండినవే. ఇసుకలో రెండుసార్లు దిగి నూకాను. ఆ ఊరి బడి ముందు కుర్చీలో విద్యాధికారి కూర్చుని, పైకి ఎక్కిన మనిషి పగిలిన పెంకులు లెక్క చెబుతుంటే రాసుకుంటున్నాడు. నేను చేరిక కాగితం ముందుంచాను. దాని అంచున నా నల్లటి బొటనవేలు ముద్ర పడి ఉంది. ఇంకోటి రాసిస్తానన్నాను.

ఆయన గడియారం చూశాడు. నాలుగున్నర. "వద్దమ్మ. ఇదే ఉండనియ్యి," అని మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. తర్వాత మా ఆయన మడమ చూసి, కుర్చీ ఆయనకిచ్చి తను లేచి నిలబడ్డాడు.

మంగళవారం

ఆదివారం మా ఊరికి, అంటే నాకు రాసిచ్చిన ఊరికి చేరాం. ఒక గది కిరాయికి దొరికింది. సోమవారం బడిలో పదకొండు మంది పిల్లలు కూర్చున్నారు. మా ఆయన మడమ వాపు దిగింది. మంగళవారం ఆయన సెలవు అయిపోతుంది. డిండిలో చేపలు తీసుకుని, ఖాజామియా దగ్గర ఆగి, బండి ఎక్కడా ఆగలేదని చెప్పి నల్లగొండకు పోతానన్నాడు. మళ్లీ ఎప్పుడు కలుస్తామో ఒకరినొకరం అడగలేదు. దసరా దాకా సెలవులు లేవు.

పొద్దున్నే బండి బయటికి తీశాడు. ఇప్పుడు ఆయన కాలు బాగానే ఉంది. అయినా పక్కకు జరిగి నన్ను కొట్టమన్నాడు. మొదటి కిక్కుకే లేచింది. ఆయన ఎక్కి కూర్చున్నాడు. సంచి తగిలించుకున్నాడు. తర్వాత తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఇంకొక్కసారి చూద్దం, లేస్తదో లేదో," అన్నాడు.

కొట్టాను. లేచింది. మళ్లీ ఆపాడు. మళ్లీ లేపాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నాలుగోసారి ఆయన చేయి తాళం మీదికి పోతుంటే పట్టుకుని వద్దన్నాను. బడి ముందు అప్పటికే పిల్లలు చేరుతున్నారు.